ముందు చదువు, ఆ తర్వాతే రాత

కోతకొచ్చిన చేను మీదుగా తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు కృష్ణా డెల్టా రైతు పొలంలోకి దిగే తీరు ఎప్పుడైనా గమనించారా? మునిగిన మడి కళ్ళెదుటే కనిపిస్తున్నా ముందు దాని జోలికి పోడు. ఇంకా నిలబడి ఉన్న చెక్క ఏదో చూసుకుని అది కోయిస్తాడు. తర్వాత, వాలిపోయినా కంకి నీళ్ళకు అంటని భాగం. నానుతున్న పనలను గట్టు మీదికి చేర్చడం ఆ తర్వాత. అన్నీ అయ్యాక మిగిలేది పరిగె. దాన్ని ఒక్కో కంకి చొప్పున వంగి ఏరుకోవలసిందే. ఈ వరస తప్పి, కష్టమైన మూల నుంచి మొదలుపెట్టినవాడికి సాయంత్రం మళ్ళీ వాన పడితే చేతికి అందేదీ అందకుండా పోతుంది.

ఈ వరసను అచ్చం ఇలాగే పాటించే ఒక కంప్యూటర్ ప్రోగ్రాం ఉంది. దాని పేరు జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ప్రోగ్రామర్ 2004 నుంచి దాన్ని రాస్తూ, దిద్దుతూ వస్తున్నారు. పాడైపోతున్న హార్డ్ డిస్కులోంచి చేతికొచ్చినంతా బయటికి తేవడం దాని పని. దానికి జోడీగా చెప్పుకోవలసినవి ఇంకో రెండున్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే 1998లో మొదలుపెట్టిన టెస్ట్‌డిస్క్, 2002లో దానికి తోడు తెచ్చిన ఫొటోరెక్. మూడూ ఉచితమే. మూడింటి లోపలి రాతనూ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న ప్రతివాళ్ళకూ ఏదో ఒకరోజు అవసరపడే ఈ మూడు పనిముట్లనూ దగ్గరగా చూపించాలని ఈ వ్యాసం.

నేను వీటి దగ్గరికి వెళ్ళింది అవసరం కొద్దీ. మా ఇంట్లో పాత కంప్యూటర్‌లో డీ డ్రైవ్ ఒకరోజు తెరుచుకోలేదు. దీన్ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని విండోస్ అడిగింది. ఏళ్ళ తరబడి పోగేసిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. 2009లో హంసలదీవి వెళ్ళినప్పుడు సాగరసంగమం దగ్గర మా నాయనమ్మతో దిగినవీ వాటిలోనే. ఊళ్ళో ఒక దుకాణానికి ఫోన్ చేస్తే, "ఫార్మాట్ కొట్టేస్తే డిస్కు బాగైపోతుందండీ" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. డిస్కు నిజంగానే బాగవుతుంది, ఫొటోలు మాత్రం ఉండవు. డిస్కును బాగుచేయడం ఒక పని, డిస్కులో ఉన్నదాన్ని కాపాడటం ఇంకో పని. ఈ తేడా తెలిసినవాళ్ళు రాసిన ప్రోగ్రాములు ఎలా ఉంటాయో ఆ వారంలో నేర్చుకున్నాను.

చెరిగేది మొదటి అక్షరమే

చెరిపేసిన ఫైలు తిరిగి రావడం ఎలా సాధ్యం? దీనికి జవాబు పాత డాస్ రోజుల్లో ఉంది. డిస్కులో పేర్ల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలుకు 32 బైట్ల వరస. ఫైలును డిలీట్ చేస్తే కంప్యూటర్ ఆ వరసలో పేరు మొదటి అక్షరాన్ని తీసి, దాని చోట ఈ5 అనే సంకేతం పెడుతుంది. అప్పటి తెరల మీద అది గ్రీకు అక్షరం సిగ్మాగా కనిపించేది. ఆ ఫైలు ఉన్న గదులు ఇక ఖాళీ అని మరో పట్టికలో రాసుకుంటుంది. అంతటితో పని అయిపోయింది. ఫైలులోని మాటలు ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త ఫైలు వచ్చి ఆ గదుల్లో కూర్చునేదాకా వాటిని ఎవరూ కదపరు.

1982లో పీటర్ నార్టన్ తన యుటిలిటీస్‌లో అన్‌ఎరేజ్ పెట్టింది ఈ గ్రహింపు మీదే. డాస్ కాలపు రికవరీ ప్రోగ్రాములు పోయిన ఫైలును వెతికి తెచ్చి మనల్ని అడిగే ప్రశ్న ఒక్కటే ఉండేది: దీని మొదటి అక్షరం ఏమిటి? మిగతాదంతా ఉంది, ఆ ఒక్కటీ మీరు చెబితే చాలు అన్నట్టు.

ఇక్కడి నుంచే ఈ వృత్తికి మూలసూత్రం పుడుతుంది. పోయిన ఫైలుకు నిజమైన శత్రువు మనం ఆ తర్వాత రాసే రాత. ఏదో పోయిందని తెలియగానే ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకూడదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆ డిస్కులోకే దింపుకోకూడదు. విండోస్‌తో పాటే వచ్చే చెక్‌డిస్క్‌ను సరిచేయమని పురమాయించే ముందు ఒక్క క్షణం ఆగమనేది ఇందుకే. చెక్‌డిస్క్ చెడ్డది కాదు. పట్టికలు ఒకదానితో ఒకటి పొసగేలా చూడటం దాని బాధ్యత. పొసగనిదాన్ని కత్తిరిస్తుంది, దిక్కులేని ముక్కలను సీహెచ్‌కే అనే తోక తగిలించి ఒక ఫోల్డర్‌లో వేస్తుంది. ఇల్లు సర్దేవాళ్ళు చేసే పని అది. ఇంట్లో ఏదో పోయిందని వెతుక్కుంటున్నప్పుడు ముందే ఊడ్చి సర్దేయరు కదా. నేను చెప్పే మూడూ ముందు చదువుతాయి. రాయవలసి వస్తే ఆఖరున, మనం ఒప్పుకున్నాకే రాస్తాయి.

రైతు వరస

మామూలుగా కాపీ చేసేటప్పుడు పాడైన సెక్టారు, అంటే డిస్కులో చదవడానికి వీలైన అతి చిన్న ముక్క, ఎదురైతే కంప్యూటర్ అక్కడే నిలబడిపోతుంది, లేదా ఆ ఒక్క చోటునే పదే పదే గుచ్చుతుంది. అలసిపోయిన డిస్కు ఆ గుచ్చుడుకే ప్రాణం వదలవచ్చు. డీడీరెస్క్యూ అలా చేయదు. చదవడం కుదరకపోయినా, బాగా నెమ్మదించినా ఆ చోటు గుర్తుపెట్టుకుని, దూకి ముందుకు పోతుంది. ఒకసారి మొదటి నుంచి చివరికి, ఇంకోసారి చివరి నుంచి మొదటికి నడుస్తుంది. తేలిగ్గా వచ్చేదంతా ఇంటికి చేరాకే కష్టమైన భాగాల వైపు తిరుగుతుంది. అప్పుడు కూడా నేరుగా మధ్యలోకి పోదు. రెండు అంచుల నుంచి లోపలికి జరుగుతూ బాగున్నంతవరకు కోసుకుంటుంది. ఆ తర్వాత మిగిలినదాన్ని సెక్టారు వెంట సెక్టారుగా గీకుతుంది. ఇదే పరిగె ఏరడం.

ఈ పనంతటికీ అది ఒక లెక్క రాస్తుంది. దాన్ని మ్యాప్‌ఫైల్ అంటారు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోగలిగిన మామూలు టెక్స్ట్. ప్రశ్న గుర్తు ఉంటే అక్కడికి ఇంకా పోలేదని అర్థం. నక్షత్రం ఉంటే అంచులు కోయాలి. ఏటవాలు గీత ఉంటే గీకాలి. మైనస్ ఉంటే రాలేదు. ప్లస్ ఉంటే చేతికొచ్చింది. మధ్యలో కరెంటు పోయినా, విజయవాడ ఎండకు డిస్కు వేడెక్కిందని మనమే ఆపేసినా పని వృథా కాదు. రాత్రి చల్లబడ్డాక మళ్ళీ మొదలుపెడితే లెక్క చూసుకుని, ఆపిన చోటి నుంచే సాగుతుంది. నేను రెండు రాత్రులు అలాగే నడిపించాను. ప్లస్సులు పెరుగుతూ, మైనస్సులు ఒక మూలకు చేరుతూ ఉంటే, చీకటి పడేవేళకు కల్లంలో కుప్ప ఎత్తు పెరగడం చూసినంత ధైర్యం వచ్చింది.

దీని నేర్పు ఇంకొకటి చెప్పాలి. పెళ్ళి వీడియో డీవీడీలు రెండు తీయించి, అమ్మాయి వాళ్ళింటికొకటి, అబ్బాయి వాళ్ళింటికొకటి ఇచ్చే రోజులుండేవి. ఇప్పుడు రెంటికీ గీతలు పడి ఉంటాయి. కానీ ఒకే చోట పడి ఉండవు. రెండూ ఒకే మాస్టరుకు అచ్చమైన నకళ్ళైతే, మొదటి డిస్కు చదివించి, అదే మ్యాప్‌ఫైల్‌తో రెండోదాన్ని చదివించండి. మొదటిదానిలో రాని భాగాలను మాత్రమే రెండోదానిలో వెతికి అతుకుతుంది. ఇద్దరు వియ్యంకుల ఇళ్ళలో ఉన్న సగం సగం పెళ్ళి మళ్ళీ ఒక పెళ్ళవుతుంది.

సర్వే రాళ్ళు

డీడీరెస్క్యూ పోగేసిందంతా ఇంకో డిస్కులోకి చేరి, ఇప్పుడు డిస్కుకు నకలు చేతిలో ఉంది. ఇక పనంతా ఆ నకలు మీదే, అసలు డిస్కు బీరువాలోకి. నకలులో సీ ఎక్కడ ఆగింది, డీ ఎక్కడ మొదలైంది అన్నది తెలియాలి. పాత పద్ధతి డిస్కుల్లో ఆ హద్దులు ఎక్కడ రాసి ఉంటాయో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మొట్టమొదటి 512 బైట్ల సెక్టారులో 64 బైట్లు. నలుగురు హక్కుదార్లకు తలా 16 బైట్లు. అంతటి డిస్కుకూ అదే పాస్ పుస్తకం. యూనికోడ్ తెలుగులో 'ప్రకాశం బ్యారేజి' అని రాయడానికే 46 బైట్లు పడతాయి. అంత చిన్న చోటులో తప్పు రాత పడితే వెయ్యి గిగాబైట్ల భూమికి హద్దులు మాయమవుతాయి.

కృష్ణ పొంగి లంక భూముల్లో గట్లు కొట్టుకుపోతే సర్వేయరు ఏం చేస్తాడు? కాగితం లేదని వెనక్కి పోడు. పాతిన రాళ్ళు ఎక్కడున్నాయో వెతుకుతాడు. టెస్ట్‌డిస్క్ చేసేదీ అదే. సీ, డీ లాంటి ప్రతి విభాగం మొదట్లోనూ దాని రకాన్ని చెప్పే బూట్ సెక్టారు ఉంటుంది. దానికి నకలు కూడా ఉంటుంది. విండోస్ ఫైళ్ళను సర్దుకునే పద్ధతుల్లో, ఫ్యాట్32లో అయితే విభాగం మొదటి నుంచి ఆరో సెక్టారులో, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అయితే విభాగం చిట్టచివర. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైళ్ళ పెద్ద పట్టిక తాలూకు మొదటి నాలుగు నమోదులకు ఇంకో చోట అద్దంలాంటి ప్రతి ఉంటుంది. టెస్ట్‌డిస్క్ డిస్కంతా నడిచి ఈ రాళ్ళను పట్టుకుంటుంది. ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా, విభాగం కొలత డిస్కు కొలతలో ఇముడుతుందా అని చూసుకుంటుంది. ముందు పైపై వెతుకులాట. అది చాలకపోతే లోతు వెతుకులాట.

దీని తెర చూస్తే కొందరు జంకుతారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌస్‌తో పని లేదు, బాణం మీటలతోనే నడక. కానీ ఆ తెర మీద మాటల పొందిక చూడండి. ఒక్కో మెట్టు మీద ఒక్కో ప్రశ్న. డిస్కు రకం ఏమిటో అది ముందే ఊహించి, ఆ వరస మీదే వెలుగు నిలుపుతుంది. మనకు తెలియకపోతే ఎంటర్ నొక్కితే చాలు. విభాగం దొరికాక పీ అనే అక్షరం నొక్కితే అందులోని ఫైళ్ళ పేర్లు చూపిస్తుంది. ఇది మీ పొలమేనా, లోపల మీ చెట్లే ఉన్నాయా అని చూపించి అడగడం లాంటిది. అక్కడి నుంచే ఫైళ్ళను వేరే డిస్కుకు కాపీ చేసుకోవచ్చు. ఇంతవరకూ అసలు డిస్కు మీద ఒక్క బైటు కూడా రాయదు. హద్దులు తిరిగి రాయాలనుకుంటే రాయి అన్న మాటను మనమే ఎంచుకోవాలి, ఆ పైన ఇంకోసారి అవునని చెప్పాలి. ఒక మీట పొరపాటున తగిలితే ఏమీ చెడకుండా ఉండాలని ఆలోచించి కట్టిన వరస ఇది.

మా డీ డ్రైవ్ హద్దులు నిమిషాల్లో తేలాయి. నా రాతలు ఉన్న ఫోల్డర్లు పేర్లతో సహా వచ్చాయి. ఫొటోల ఫోల్డర్ మాత్రం రాలేదు. డీడీరెస్క్యూ మైనస్ గుర్తు పెట్టిన మూల సరిగ్గా పేర్ల పట్టిక మీదే పడింది.

ఫారాలు చూసి పుస్తకం చెప్పే బైండరు

పేర్లే లేకపోతే ఏం చేయాలి? విజయవాడ అచ్చుపుస్తకాల ఊరు. ఇక్కడి ప్రెస్సుల్లో పాతకాలపు బైండర్లకు కుట్టని ఫారాలు నాలుగు పుస్తకాలవి కలిసిపోయి ఇచ్చినా, ముఖపత్రం చూడకుండానే అక్షరం సైజూ, మార్జినూ చూసి ఏది ఏ పుస్తకానిదో చెప్పే నేర్పు ఉంటుంది. ఫొటోరెక్ ఆ జాతిది. పేర్ల పట్టికను అది అసలు నమ్మదు. నేరుగా గదుల్లోకి వెళ్ళి, లోపల ఉన్నదాని ముఖం చూస్తుంది.

ప్రతి రకం ఫైలుకూ ఒక మొదలు ఉంటుంది. జేపెగ్ ఫొటో ఎప్పుడూ ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు పెట్టి తన పేరు తానే చెప్పుకుంటుంది. ఇప్పటి వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు నిజానికి జిప్ మూటలు. అవి పీ, కే అనే రెండక్షరాలతో మొదలవుతాయి. జిప్ పద్ధతిని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. మన ఇంట్లో ప్రతి వర్డ్ ఫైలు తలుపు మీదా ఒక పనివాడి సంతకం ఉందన్నమాట. ఇలాంటి గుర్తులతో ఫొటోరెక్ 480కి పైగా తోకలున్న ఫైళ్ళను పోల్చుకుంటుంది. తనకు తెలియని రకమైతే మనమే నేర్పవచ్చు. ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో తోక, గుర్తు ఎన్నో బైటు దగ్గర ఉంటుంది, ఆ గుర్తు ఏమిటి అని ఒక వరస రాసి పక్కన పెడితే అదీ వెతుకుతుంది.

అసలు పనితనం గుర్తు పట్టడంతో అయిపోదు. డిస్కులో ఫైళ్ళు ఎంత పెద్ద గదుల్లో సర్ది ఉన్నాయో తెలియకపోతే వెతుకులాట గుడ్డిదవుతుంది. ఆ కొలత చెప్పే పట్టిక కూడా పోయి ఉంటే ఫొటోరెక్ సెక్టారు వెంట సెక్టారు చదువుతూ మొదటి పది ఫైళ్ళు దొరికేదాకా ఓపిక పడుతుంది. ఆ పది మొదలైన చోట్ల మధ్య దూరాలను బట్టి గది కొలతను తానే లెక్కగడుతుంది. దొరికిన ఫైలు నిజంగా పొందికగా ఉందా అని లోపలికి తొంగి చూస్తుంది. చెడిపోయినదాన్ని బాగున్నదని చెప్పి అంటగట్టదు.

పేర్లు తిరిగి రావు. దొరికినవాటిని ఐదు వందలకొకటి చొప్పున ఫోల్డర్లలో పెడుతుంది. ప్రతి ఫైలుకూ ఎఫ్ అనే అక్షరం, దాని వెంట అంకెలు. ఆ అంకెలు డిస్కులో అది దొరికిన చోటును చెబుతాయి. కొన్ని పత్రాల లోపల శీర్షిక రాసి ఉంటే దాన్ని పేరుకు తగిలిస్తుంది. ఫొటో లోపల కెమెరా రాసుకున్న తేదీ ఉంటే ఫైలుకు ఆ తేదీనే వేస్తుంది. పేరు పోయినా తిథి మిగులుతుంది.

మా ఊరి డీటీపీ వాళ్ళకు ఒక మాట. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పాత పుస్తకాలు తిరిగి దొరికినా, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా తెరుచుకుంటాయి. అవి యూనికోడ్ కావు. ఫైలుతో పాటు ఫాంటును కూడా దాచుకున్నప్పుడే ఆ తెలుగు మిగిలినట్టు.

చేతకానిచోట

ఏ పనిముట్టుకైనా హద్దులుంటాయి. డిస్కు టకటక కొట్టుకుంటుంటే సాఫ్ట్‌వేర్ పని కాదది. కరెంటు తీసేసి, శుభ్రమైన గదిలో డిస్కు విప్పగల ల్యాబుకు ఇవ్వాలి. నీళ్ళలో తడిసిన డిస్కుదీ అదే దారి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్ళు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్ళలోకి వచ్చాయి. మనం సీపీయూ డబ్బాను బల్ల కింద నేల మీదే పెడతాం. ఇంట్లోకి నీళ్ళొస్తే ముందు మునిగేది అదే. మామూలు హార్డ్ డిస్కుకు గాలి ఆడటానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. నీళ్ళు దాని గుండా లోపలికి పోతాయి. అలా తడిసినదాన్ని ఆరబెట్టి ఆన్ చేసి చూద్దామనుకోవడమే పెద్ద ప్రమాదం. పలకల మీద బురద రేణువు ఒక్కటి ఉన్నా తిరిగేటప్పుడు గీరేస్తుంది. ల్యాబు వాళ్ళు తీసిన నకలు చేతికొచ్చాక ఈ ప్రోగ్రాములు మళ్ళీ మనవే.

ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ చేసిన గదులు త్వరలోనే నిజంగా ఖాళీ అయిపోతాయి. బిట్‌లాకర్ తాళం వేసిన డిస్కులో తాళంచెవి లేకుండా ఫొటోరెక్‌కు ఏ ముఖమూ కనిపించదు. ముక్కలు ముక్కలుగా చెల్లాచెదురైన పెద్ద వీడియోలూ దానికి కష్టమే. డబ్బు పెట్టి కొనే ప్రోగ్రాములున్నాయి. 1993 నుంచి ఈ రంగంలో ఉన్న మన దేశపు స్టెల్లార్, 89 డాలర్ల స్పిన్‌రైట్ లాంటివి. వాటి సౌకర్యం వాటిది. కానీ ఇంటివాళ్ళు ముందుగా డబ్బు పెట్టవలసింది నకలు తీసుకోవడానికి చాలినంత పెద్ద ఖాళీ డిస్కు మీద. నేను చెప్పిన మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. 2024లో కూడా టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్‌లకు కొత్త కూర్పు వచ్చింది. ఒక మనిషి మొదలుపెట్టిన పని పాతికేళ్ళు దాటినా ఆగకపోవడం ఈ పనితనంలో భాగమే.

మా నకలు మీద ఫొటోరెక్‌ను వదిలి నిద్రపోయాను. పొద్దున్నే చూస్తే వేల ఫొటోలు ఎఫ్ అంకెలతో వరస కట్టి ఉన్నాయి. 2009 తేదీ ఉన్నవాటిని పక్కకు తీశాను. హంసలదీవి ఇసుక, అల, మా చెల్లెలి గొడుగు. నాయనమ్మ ఒక్కతే నిలబడిన ఫొటో మాత్రం సగం దాకే వచ్చింది. నడుము దగ్గర నుంచి కిందంతా బూడిదరంగు. ఆ గదుల్లో ఎప్పుడో ఏదో రాసేశాం.

దాని పక్కనే టీ అనే అక్షరంతో మొదలయ్యే ఇంకో ఫైలు ఉంది. ప్రతి ఫొటో లోపల మొదట్లోనే, చిన్న తెర మీద చూపించడానికి కెమెరా పెట్టుకునే గోటంత బొమ్మ ఒకటి ఉంటుంది. పెద్ద ఫొటో పోయినా అది మిగిలి ఉండవచ్చని ఎప్పుడో ఆలోచించి, దాన్ని విడిగా తీసి దాచమని గ్రెనియే ప్రోగ్రాంకు నేర్పించారు. 160 చుక్కల వెడల్పు, 120 చుక్కల ఎత్తు. అందులో నాయనమ్మ పూర్తిగా ఉంది. చీర కుచ్చిళ్ళు తడవకుండా ఒక చేత్తో పట్టుకుని, సముద్రంలో కాళ్ళు పెట్టి నిలబడి ఉంది.